ఫొటో వెనక రాసింది ఎవరు చదవాలి?

పాత ఫొటోలకు మళ్లీ మంచి రోజులొచ్చాయి. చెదలు తిన్నదైనా, వాన నీళ్లకు ఉబ్బిందైనా సెల్‌ఫోన్‌లోకి ఎక్కిస్తే చాలు, క్షణాల్లో కొత్తదై బయటికొస్తోంది. నలుపు తెలుపు బొమ్మకు రంగులొస్తున్నాయి. ఎప్పుడో చనిపోయిన తాత కళ్లార్పుతున్నాడు, మెడ తిప్పి నవ్వుతున్నాడు. ఇంటిల్లిపాదీ ఆ ఫోన్ చుట్టూ చేరి ఏడుస్తున్నారు. ఆ ఏడుపును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. పోయినవాళ్ల ముఖం మళ్లీ కనబడితే ఎవరి గుండె మాత్రం ఆగుతుంది?

కాని ఏడ్చాక కొన్ని ప్రశ్నలు అడగాలి. ఎవరి ఫొటోలు ఇంతకాలం మిగిలాయి? ఎవరివి అసలు తీయనే లేదు? బాగుచేయటం పేరుతో దేన్ని తుడిచేస్తున్నారు? ఈ ప్రశ్నలు అందరికీ ఉన్నాయి. ముస్లింలుగా మాకు మరీ ఉన్నాయి. ఎందుకంటే ఈ నేల మీద మా గురించి జరిగే ప్రతి వాదనా తిరిగి తిరిగి ఏదో ఒక పాత బొమ్మ దగ్గరికే వచ్చి ఆగుతోంది.

ముందు ఇంటి సంగతి చెప్పుకోవాలి. ఫొటోతో మాకున్న సంబంధం సాఫీగా సాగింది కాదు. బొమ్మలు గీయటం గురించి హదీసుల్లో ఉన్న హెచ్చరికలు ఫొటోకు వర్తిస్తాయా, వర్తించవా అని ఆలిములు వందేళ్లకు పైగా వాదించుకున్నారు. ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఫొటో తప్పు కాదన్నాడు. ఫొటో తీసేవాడు కొత్తగా ఏ ప్రాణినీ సృష్టించటం లేదు, పడిన నీడను పట్టి ఉంచుతున్నాడంతే అన్నది ఆయన వాదం. మన దేశంలో చాలామంది ఉలేమా దీనికి ఒప్పుకోలేదు. అవసరానికి మాత్రం సరే అన్నారు. హజ్‌కు పోవాలన్నా పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టుకు ఫొటో కావాలి కదా!

మేం రెండు భాషల మధ్య బతికేవాళ్లం కాబట్టి మాకో సంగతి తోస్తుంది. ఉర్దూలో ఫొటోను తస్వీర్ అంటారు, అక్స్ అనీ అంటారు. అక్స్ అంటే ప్రతిబింబం. తెలుగులో ఛాయాచిత్రం అన్నారు. ఛాయ అంటే నీడే. ఎక్కడో కైరోలో కూర్చుని ముఫ్తీగారు పెద్ద తర్కంతో తేల్చింది తెలుగువాడు ఒక్క మాటలో పెట్టేశాడు. ఆ మాట మా మౌల్వీ సాబుల దాకా పోలేదు. ఈ వాదం మాటెలా ఉన్నా మా ఇళ్లలో జరిగింది ఇది: ఫొటో గోడకెక్కలేదు, పెట్టెలోకి పోయింది. పక్కింటి గోడ మీద దండ వేసిన తాత ఫొటో ఉంటే మా ఇంట్లో తాత ఫొటో బట్టల అడుగున, నిఖా కాగితాల మధ్య, కర్పూరం వాసనతో పడుకుంది. నమాజ్ చేసే గదిలో ఫొటో ఉంటే గోడవైపు తిప్పి పెట్టటం చాలా ఇళ్లలో చూసిందే. కాబట్టి మా ఇళ్లలో ఫొటో చూడటమంటే పెట్టె తీయటమే. పెట్టె తీసినప్పుడు ఒక్క ఫొటో బయటికి రాదు. దాంతోపాటు పాత గొడవలు, తెగిపోయిన చుట్టరికాలు, పాకిస్తాన్ పోయినవాళ్ల ఉత్తరాలు అన్నీ వస్తాయి.

ఇక బయటి సంగతి. హైదరాబాద్ పాత ఫొటోలు అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు రాజా దీన్‌దయాళ్. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, కెమెరా పట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువుకు చేరినవాడు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఒక జైన కుటుంబంలో పుట్టినవాడికి ఒక ముస్లిం రాజు ఉర్దూలో ఇచ్చిన ఆ బిరుదే ఒక చరిత్ర. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించింది. అంటే మన నగరపు నీడ ఢిల్లీలో భద్రంగా ఉందన్నమాట. మంచిదే. గాజు పగిలితే మళ్లీ దొరకదు.

కాని ఆ ఫొటోలను వరసగా చూస్తూ పోండి. షేర్వానీలు, తలపాగాలు, కత్తులు, చచ్చిన పులి మీద కాలు పెట్టిన దొరలు, వైస్రాయి విందులు, షాండిలియర్లు. పేదవాడు ఎక్కడ కనిపిస్తాడు? 1899-1900 కరువులో ఔరంగాబాద్ వైపు సహాయ పనులు ఎంత బాగా జరిగాయో చూపించే ఆల్బంలో కనిపిస్తాడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగిన తర్వాత కూలిన గోడల పక్కన నిలబడి కనిపిస్తాడు. దొర ఫొటో కింద పేరుంటుంది, బిరుదుంటుంది. ఈ మనిషికి పేరు లేదు. వరద ఫొటోకు వరదే పేరు. అఫ్జల్‌గంజ్‌లో నూటయాభై మందిని కొమ్మల మీద మోసి బతికించిందని చెప్పుకునే చింతచెట్టు ఇవాళ్టికీ అందరికీ తెలుసు. ఆ కొమ్మలు పట్టుకు వేలాడినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

దీని ఫలితం మేమే అనుభవిస్తున్నాం. ముస్లిం అంటే నవాబు అన్న మాట ఊరికే పుట్టలేదు. ఆ మాటకు బొమ్మలు సాక్ష్యమిచ్చాయి. ఏడో నిజాం బొమ్మను 1937 ఫిబ్రవరిలో అమెరికా పత్రిక 'టైమ్' ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడంది. ఆ ఒక్క బొమ్మ మా అందరి నెత్తిన పడింది. దూది ఏకి పరుపులు కుట్టినవాడు, తోళ్లు ఎండబెట్టినవాడు, బీడీలు చుట్టినావిడ, దర్గా ముందు నెమలీకల కట్టతో ఊదు పొగ వేసిన ఫకీరు, పాకీ పని చేసిన మెహతర్ వీళ్లెవరూ ఆ ఆల్బంలో లేరు. ఊళ్లో సగం పేరు హిందువుది, సగం పేరు ముస్లింది పెట్టుకుని రెండు వైపులా మాటలు పడిన దూదేకుల మనిషి అసలే లేడు. ఇప్పుడు ఆ నవాబుల ఫొటోలకు రంగులు వేసి 'మన వైభవం' అని పంచుకుంటున్న మా సోదరులను ఒక్కటే అడుగుతున్నాం. మన అంటే ఎవరిది భాయ్? మీ దాదా ఆ ఫొటోలో కుర్చీ మీద కూచున్నాడా, కుర్చీ వెనక విసనకర్ర పట్టుకుని నిలబడ్డాడా?

పేదవాడి ఫొటో వేరే దారిలో వచ్చింది. పట్నంలో స్టూడియోకు పోయి ఫొటో దిగే స్తోమత లేనివాడికి సర్కారే ఫొటో తీసింది. ఓటరు కార్డుకు, రేషన్ కార్డుకు, తర్వాత దుబాయి, జెద్దా పోయేందుకు పాస్‌పోర్టుకు. చాలా ఇళ్లలో చనిపోయిన మనిషికి మిగిలిన ఏకైక బొమ్మ ఆ గోటెడు ఫొటోయే. దాన్ని పట్టుకుని స్టూడియోకు పోతే అక్కడ కాపీ తీసి, ఎన్‌లార్జ్ చేసి, టచింగ్ చేసేవాళ్లు. బ్రష్షుతో కనుబొమ్మలు దిద్దేవాళ్లు. ముడతలు పడిన చొక్కా మీద కోటు తొడిగేవాళ్లు. విడివిడిగా ఉన్న మొగుడూ పెళ్లాల ఫొటోలను ఒకే చట్రంలోకి తెచ్చి పక్కపక్కన కూచోబెట్టేవాళ్లు. బతికుండగా కోటు తొడుక్కోని రిక్షా కార్మికుడు చచ్చాక కోటు తొడుక్కున్నాడు. అబద్ధమే. కాని ఆ అబద్ధాన్ని డబ్బిచ్చి చేయించుకున్నది అతని భార్య, పిల్లలు. వాళ్లకు తెలుసు అది అబద్ధమని. అడిగితే 'కోటు స్టూడియో అతను వేశాడు' అని నవ్వుతూ చెప్పేవాళ్లు. బ్రష్షు గీత కంటికి కనిపించేది. ఇప్పటి యంత్రం చేసే పనికీ దానికీ తేడా అక్కడే ఉంది.

ఆ తేడా ఏమిటో కాస్త వివరంగా చూడాలి. పాత ఫొటో చెడిపోవటానికి కారణాలున్నాయి. గుడ్డు తెల్లసొనతో చేసిన కాగితం మీద అచ్చయిన ఫొటో పసుపెక్కి, పాలిపోతుంది. తర్వాతి కాలపు ఫొటోల్లో వెండి పైకి తేలి నల్లటి భాగాలు అద్దంలా మెరుస్తాయి. తేమకు బూజు పడుతుంది. బాగుంటుందని లామినేషన్ చేయిస్తే ఇంకా ప్రమాదం, ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. మంచి పనివాడు ముందు ఉన్న ఫొటోను ఉన్నట్టు స్కాన్ చేసి దాచి, కాపీ మీద మాత్రమే చెయ్యి పెడతాడు. దుమ్ము తీస్తాడు, గీతలు పూడుస్తాడు. ఎక్కడ ముఖమే లేదో అక్కడ ఆగిపోతాడు. యంత్రం ఆగదు. అది లక్షల ముఖాలు చూసి నేర్చుకున్న అంచనాతో, లేని చోట ఒక కన్ను, ఒక ముక్కు, ఒక నోరు పెడుతుంది. చక్కగా పెడుతుంది. బ్రష్షు గీత కనపడదు. అది మీ దాదీ ముక్కు కాదు. ఎందరి ముక్కులో కలిపితే వచ్చిన ముక్కు.

రంగు సంగతీ అంతే. పాతకాలపు ప్లేట్లు నీలం వెలుగును ఎక్కువగా, ఎరుపును అసలు లేనట్టుగా పట్టేవి. కాబట్టి ఎర్ర చీర నల్లగా, నీలి ఆకాశం తెల్లగా, పసుపు గుడ్డ ముదురుగా పడేది. ఆ బూడిద రంగు చూసి అసలు రంగు చెప్పటం యంత్రం తరం కాదు, మనిషి తరమూ కాదు. తెలిసినవాళ్లను అడగాల్సిందే. అడగకపోతే ఏమవుతుంది? అలవాటైన ఊహ వచ్చి కూచుంటుంది. ముస్లిం రాజు జెండా అంటే ఎవరైనా ఆకుపచ్చే అనుకుంటారు. ఆసఫ్‌జాహీ జెండా నేల పసుపు రంగు, మధ్యలో కుల్చా రొట్టె గుర్తు. ఆ పసుపు మీద ఆకుపచ్చ పోసినవాడు ఫొటోను బాగుచేయలేదు. తన మనసులోని ముస్లింను ఫొటోలోకి ఎక్కించాడు.

మేం ఎరిగిన ఒక ఇంట్లో జరిగింది చెబుతాం. నల్లగొండ వైపు కుటుంబం. 1940ల నాటి గ్రూపు ఫొటో ఒకటి వాళ్ల పెట్టెలో మిగిలింది. ఐదుగురు అన్నదమ్ములు, ముందు చాప మీద ఇద్దరు పిల్లలు. చివర నిలబడ్డ అన్న ముఖాన్ని చెదలు తినేశాయి. నుదురు, ఒక కన్ను ఉన్నాయి, కింద ఏమీ లేదు. మనవడు చదువుకున్నవాడు. ప్రేమతో దాన్ని బాగు చేయించి, పెద్ద చట్రం కట్టించి దాదీ ముందు పెట్టాడు. ముందు చాప మీద కూచున్న పిల్లల్లో ఒకతి ఆమె. ఎనభై దాటిన ఆమె చాలాసేపు చూసింది. ఒక్కొక్కరి మీద వేలు పెట్టి పేర్లు చెప్పింది. చివరి మనిషి దగ్గర వేలు ఆగింది. 'యే మేరే భయ్యా కా మూఁ నై హై బేటా' అంది. ఈ నోరు మా అన్నది కాదు బేటా అని. పాత ఫొటో ఏదని అడిగి తీసుకుని, ఆ చెదలు తిన్న చోటును వేలితో నిమిరింది. ఆ అన్న 1948లో పోయాడు. ఎక్కడ పోయాడో, ఎవరు పూడ్చారో ఇంట్లో తెలియదు. ఆమెకు ఆ రంధ్రమే అన్న. డెబ్బై ఏళ్లుగా ఆమె ఆ రంధ్రాన్నే చూస్తూ, మిగతా ముఖాన్ని తన మనసులోంచి తెచ్చి పెట్టుకుంటోంది. మనవడు తెచ్చిన ముఖం ఆ పనిని ఆమె చేతుల్లోంచి లాక్కుంది.

ఆ మనవడిని మేం తప్పు పట్టటం లేదు. ఆయన ప్రేమ నిజమే. కాని ఆ దాదీ ఒక్క మాటలో చెప్పిన విమర్శ ఏ పుస్తకంలోనూ దొరకదు. పోగొట్టుకున్నదాన్ని పోగొట్టుకున్నట్టే చూపించే ఫొటో కూడా సాక్ష్యమే.

1948 మాట వచ్చింది కాబట్టి ఆ సాక్ష్యం సంగతే చూద్దాం. సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా ఐదు రోజులు సైనిక చర్య. దాని బొమ్మలు రెండు అందరూ ఎరిగినవే. ఒకటి, జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురీకి లొంగిపోతున్నది. రెండోది, 1949లో బేగంపేట విమానాశ్రయంలో నిజాం చేతులు జోడించి పటేల్‌కు స్వాగతం చెబుతున్నది. ప్రతి సెప్టెంబర్ 17కూ ఈ బొమ్మలు బయటికొస్తాయి. ఆ రోజుకు పేర్లే మారుతుంటాయి. 2022లో కేంద్రం విమోచన దినమంది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. పేరు ఏదైనా బొమ్మ అదే. చేతులు జోడించిన ఆ ఒక్క మనిషి మొత్తం ముస్లింలకు ప్రతినిధి అయ్యాడు. అతను ఆ తర్వాత రాజప్రముఖ్‌గా 1956 దాకా కొనసాగాడని ఆ బొమ్మ చెప్పదు. లొంగిపోయింది అతనైతే శిక్ష పడింది వేరేవాళ్లకని అసలే చెప్పదు.

పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 చివర్లో జిల్లాలు తిరిగి నివేదిక రాశారు. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయన్నారు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు జనం ముందు పెట్టలేదు. అంతకు ముందు రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన దారుణాలూ నిజమే. వాటిని దాచే ముస్లిం మాకు వకీలు కాడు. ఆ రజాకార్లను ఎదిరించి ఉర్దూలో రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చేతులు నరికి చంపారు. విసునూరు దొరను ఎదిరించి ప్రాణమిచ్చిన షేక్ బందగీ కథ 'మా భూమి' నాటకంలోకి ఎక్కింది. సెప్టెంబర్ 17 ఫ్లెక్సీల మీద షోయబుల్లా ముఖాన్ని, బందగీ పేరును ఎంతమంది చూశారు? రజాకారు బొమ్మకు రంగులు వేసి పెద్దది చేసే చేతులకు వీళ్లెందుకు గుర్తురారు? పాత ఫొటోను ఎంచుకోవటంలోనే రాజకీయం ఉంది. రంగులు వేయటం తర్వాతి సంగతి.

ఇళ్లలో ఏం జరిగింది? ఆ రోజుల్లో ఫొటోలు తగలబెట్టినవాళ్లున్నారు. రూమీ టోపీ పెట్టుకుని దిగిన మామూలు పెళ్లి ఫొటో కూడా ప్రాణం మీదికి తెస్తుందని భయపడ్డారు. ఫొటోలోంచి ఒక మనిషిని కత్తిరించి మిగతాది దాచుకున్నవాళ్లున్నారు. అలాంటి ఫొటోలో భుజం మీద ఒక చెయ్యి ఉంటుంది, ఆ చెయ్యి గల మనిషి ఉండడు. దాన్ని బాగు చేయమని ఇస్తే యంత్రం ముందుగా ఆ చేతిని తీసేస్తుంది. అనవసరంగా అడ్డొచ్చిందనుకుంటుంది. మేమంటాం, ఆ ఫొటోలో చూడాల్సింది ఆ చెయ్యే.

ఆడవాళ్ల ఫొటోల గురించి వేరుగా చెప్పాలి. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో ఒకటి పెట్టాడు. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లిష్ ఆవిడ. పరదాలో ఉండే స్త్రీలు పరాయి మగవాడి కంటబడకుండా అక్కడ ఫొటో దిగేవాళ్లు. అంటే నూట ముప్పై ఏళ్ల కిందటే మా ఆడవాళ్లలో కొందరికి తమ ముఖాన్ని తాము చూసుకోవాలన్న కోరిక ఉంది, దానికి దారి వెతుక్కున్నారు. పరదా అంటే ముఖం లేకపోవటం కాదు, ఆ ముఖం ఎవరు చూడాలన్నది వేరే లెక్క. ఇప్పుడు మనవళ్లు నానీ ఫొటోకు రంగులేసి ఊరందరికీ పంపుతున్నారు. ఇంకో పక్క, ఇజ్జత్ పేరుతో పెళ్లికి ముందు దిగిన ఫొటోలన్నీ మొగుడి చేతుల్లో చిరిగిపోయిన ఆడవాళ్లూ ఉన్నారు. చింపేవాడూ మగవాడే, పంచేవాడూ మగవాడే. బతికున్న ఖాలాను, ఫుప్పును ఒక్క మాట అడిగితే ఏం పోతుంది? నానీ లేకపోతే ఆమె కూతుళ్లున్నారు కదా.

అయితే పాత ఫొటోలు బాగుచేయటం వద్దంటామా? అనం. బాగు చేయించాలి. పేరు లేని మా జనం ముఖాలు ముందుగా బాగు చేయించాలి. పౌరసత్వానికి కాగితాలు చూపించాల్సి వస్తుందేమోనని 2019, 2020లలో మా తల్లులు పెట్టెలన్నీ కుమ్మరించి చూసుకున్నారు. అప్పుడు చాలామందికి తమ అమ్మా నాన్నల కాగితం దొరకలేదు, ఫొటో దొరికింది. అది ఏ అధికారికీ చూపించి గెలిచే సాక్ష్యం కాదు. కాని ఈ మట్టి మీద, ఈ వేపచెట్టు కింద, ఈ పీర్ల కొట్టం ముందు నిలబడి మావాళ్లు దిగారన్నది ఆ తల్లులకు తెలిసింది. ఆ ధైర్యం చిన్నది కాదు. పాత ఫొటోకు గుండెను కదిలించే శక్తి అక్కడుంది. మనం ఇప్పుడు వచ్చినవాళ్లం కాదని ఆ ఫొటో మనకే చెబుతుంది.

కాబట్టి మా పిల్లలకు మేం చెప్పేది ఇది. ఫొటో ఉన్నదాన్ని ఉన్నట్టు ముందు స్కాన్ చేయండి. రంగులేస్తే వేశామని కింద రాయండి. లేని ముఖం పెట్టకండి. అన్నిటికన్నా ముందు ఫొటోను తిప్పి చూడండి. మా పాత ఫొటోల వెనక ఉర్దూలో ఏదో రాసి ఉంటుంది. తారీఖు, ఊరు పేరు, ఎవరి పక్కన ఎవరో, ఒక్కోసారి ఒక దువా. శికస్తా రాత, సిరా వెలిసి ఉంటుంది. ముందువైపు బాగు చేసే ఆత్రంలో వెనకవైపు ఎవరూ స్కాన్ చేయటం లేదు. చట్రంలో బిగించి, అట్ట అతికించి, మేకులు కొట్టేస్తున్నారు. పిల్లలు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో చదువుకున్నారు, ఉర్దూ మాట్లాడతారే కాని చదవలేరు. చదవగలిగినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. చెదలు తిన్న ముఖాన్ని యంత్రం ఊహించి పెడుతుంది. వెనక ఉన్న పేరును మాత్రం ఊహించలేదు. ఈ వారమే పెట్టె తీసి, దాదీ పక్కన కూచుని, ఆ రాతను ఆమెతో చదివించుకుని పక్కన తెలుగులో రాసి పెట్టుకోండి. పేర్లు మిగిలితే ముఖాలు తర్వాతైనా గుర్తుపట్టొచ్చు.